పద్నాలుగో నంబరావిడ

ఫిబ్రవరి 3

సమస్త జనులకూ, ముఖ్యంగా తలుపులు తోసుకొచ్చే జనులకూ తెలియజేయడమేమనగా: మా సినిమా హాలు ఎడమవైపు తలుపు, పదకొండేళ్ళుగా కిర్రుమంటూ ఎందరో హీరోల చావు సీన్లలో నవ్వు పుట్టించిన తలుపు, నిన్న సాయంత్రం నాలుగూ పదికి, రెండు చుక్కల కుట్టుమిషను నూనె పుచ్చుకుని శాశ్వతంగా నోరు మూసుకుంది. ఈ సందర్భంగా గేటు శాఖ తన ప్రగాఢ సంతోషాన్ని వెలిబుచ్చుతోంది. తలుపు ఆత్మకి శాంతి కలిగిందో లేదో తెలీదు, మాకు మాత్రం కలిగింది.

ఇక అంత ముఖ్యం కాని సంగతులు. అమ్మడూ, నీ పత్రికకి బహుమతి వచ్చిందట గదా! నాకెవరు చెప్పారనుకున్నావు? సొంత అక్క కూతురివి, నువ్వా? బన్ను చుట్టిచ్చిన కాగితం చెప్పింది. "స్వతంత్ర సినిమా పత్రికకు చిత్రపరిశ్రమ సృజనాత్మక సంస్థ పురస్కారం" అని ఉంది. ఆ తర్వాత ఏముందో జిడ్డు మింగేసింది. అప్పట్నుంచీ నా బుర్ర గిర్రున తిరుగుతోంది. సంస్థ అంటే ఏమిటే? మనది సంస్థా? రెండు గదులు, మూడు కుర్చీలు, అందులో ఒకదానికి ఓ కాలు పొట్టి. కింద సైకిళ్ళ షాపు వాడు గాలి కొట్టినప్పుడల్లా పైన నీ టీకప్పు వణుకుతుంది. దాన్ని సంస్థ అంటారా? అదీగాక, నెలనెలా నువ్వు సినిమావాళ్ళని ఏకిపారేస్తుంటే వాళ్ళే పిలిచి బహుమతి ఇవ్వడమేమిటి? మొరిగే కుక్కకి దొంగ బిస్కెట్టు వేసినట్టు లేదూ? తినేముందు ఓసారి వాసన చూడు.

నీ "లేచినవాళ్ళు" శీర్షికకి ఈ వారం సరుకు. లాయరు సినిమా, మధ్యాహ్నం ఆట, మొత్తం నూట పన్నెండు మంది. మొదటి పాటకి లేచినవాళ్ళు పంతొమ్మిది. హీరో తల్లికి జబ్బని తెలియగానే ఎనిమిది. కోర్టు సీను ఇరవై నిమిషాల్లో ఒక్కరూ లేవలేదు. మెచ్చుకుని కాదు, నిద్రపోయినవాళ్ళు లేవరు గదా! ఆఖర్న పేర్లు మొదలవగానే అందరూ. పద్నాలుగో నంబరావిడ మాత్రం ఎప్పట్లాగే చివరి వరసలో తన సీట్లో చేతులు కట్టుకుని ఆఖరి పేరు దాకా కూర్చుంది. ఈసారి ఆఖరి పేరు జనరేటరు బండి డ్రైవరుది.

ఇట్లు,
నీ మేనమామ,
తలుపుల మంత్రి

*

ఫిబ్రవరి 9

మామయ్యా,

తలుపు వార్త చదివి రెండు నిమిషాలు మౌనం పాటించాను. కుంటి కుర్చీ మీద కూర్చుని పాటించాను కాబట్టి అంతకంటే కుదర్లేదు.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు ఒకటి చెప్తావు, నవ్వుతావు, ఇంకోటి చెప్తావు, పెట్టేస్తావు. కాగితమైతే దొరికిపోతావు. అందుకే గదా, సంతకమున్న కాగితం లేకుండా మా పత్రికలో ఒక్క ముక్క అచ్చవ్వదు అన్న రూలు. నలభై ఒక్క సంచికలు, నలభై ఒక్క ఫైళ్ళు. నీ ఉత్తరాలకి వేరే బీరువా అర ఉంది.

బహుమతి సంగతి నాకూ సగమే అర్థమైంది. ఇస్తున్నది నిర్మాతలు కాదు, హీరోలు అసలే కాదు. పరిశ్రమలో పనివాళ్ళ సంఘాలన్నీ కలిసి ఇస్తున్నాయి. లైట్లు మోసేవాళ్ళు, సెట్లు కట్టే వడ్రంగులు, బట్టలు కుట్టేవాళ్ళు, భోజనాల బండివాళ్ళు. కొత్త దారిలో నడిచే చిన్న సంస్థకి ఏటా ఒకటి ఇస్తారట. నేను రాసిన సంపాదకీయాలకనుకుని అద్దం ముందు నిలబడి రెండుసార్లు ఉపన్యాసం కూడా చెప్పుకున్నాను. తీరా ఉత్తరం మళ్ళీ చదివితే కారణం ఇదీ: "సినిమా ఆఖర్న మా పేర్లు చదివే మనిషి ఒకరున్నారని ఈ పత్రిక వల్లే మాకు తెలిసింది."

అంటే బహుమతి నాకు కాదు, నీక్కూడా కాదు. పద్నాలుగో నంబరావిడకి!

మార్చి పదహారున మధ్యాహ్నం సభ. ఆవిణ్ణి వేదిక మీదికి పిలుస్తారట. తీసుకొస్తానని మాటిచ్చేశాను. నువ్వు రోజూ చూసే మనిషేగా, ఓ మాట చెప్పి వెంటబెట్టుకుని రా. ముందు వరసలో ఆవిడకి పద్నాలుగో నంబరు అంటించిన కుర్చీ వేస్తారు.

అమ్మ నా భుజం మీంచి తొంగిచూస్తూ, "ఎవరే ఆవిడ, వాడు ఇన్నాళ్ళ నుంచీ చూస్తున్నాడా?" అంటోంది. ఆ "చూస్తున్నాడా" అన్న తీరు నాకేమీ నచ్చలేదు.

నీ మేనకోడలు

*

ఫిబ్రవరి 14

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. చదివాను. మడిచాను. మళ్ళీ విప్పి చదివాను, ఈలోగా ఏమన్నా మారిందేమోనని. మారలేదు.

మాటివ్వడానికి నీకేం, నోరుంది, ఇచ్చేశావు. ఆవిడ రాదు. ఎందుకు రాదంటే మోకాళ్ళ నొప్పి. నాలుగు అడుగులు వేస్తే రెండు నిమిషాలు నిలబడాలి. పైగా సిగ్గు. పైగా ప్రయాణం పడదు, బస్సెక్కితే వాంతులు. పైగా ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు, నాతో కూడా. నేనెప్పుడైనా పలకరిస్తే తెర వైపే చూస్తుంది. అలాంటి మనిషిని వేదిక ఎక్కించి మైకు చేతికిస్తే ఏమవుతుంది? పడిపోతుంది. పడితే పాపం ఎవరిది?

బహుమతి నువ్వే పుచ్చుకో. ఆవిడ తరఫున నేను చప్పట్లు కొడతాను. నా చప్పట్లు మామూలువి కావు, ఇంటర్వెల్లో జనాన్ని లోపలికి తోలడానికి పనికొచ్చేంత గట్టివి.

ఈ వారం దెయ్యాల సినిమా. భయపడి లేచినవాళ్ళు ఇద్దరు, విసుగొచ్చి లేచినవాళ్ళు ముప్ఫై నాలుగు. ఆవిడ గురించి ఈసారి రాయను. మోకాళ్ళు.

మీ అమ్మతో చెప్పు, నేనేమీ చూడ్డం లేదని. గేటువాడు చూసేది టిక్కెట్టు, మొహం కాదు.

మామయ్య

*

ఫిబ్రవరి 20

మామయ్యా,

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ వరస.

బీరువా అర తెరిచాను. పదకొండో సంచికకి నువ్వు రాసిన ఉత్తరంలో ఆవిడ "పేర్లయిపోగానే నేను తలుపు తీసేలోపే చరచరా మెట్లు దిగి వెళ్ళిపోయింది". ఇప్పుడు నాలుగు అడుగులకి రెండు నిమిషాలా? ఇరవయ్యో సంచికలో "వెనకవాళ్ళకి తెర అడ్డమొచ్చేంత పొడగరి". చివరి వరసలో కూర్చునే మనిషికి వెనకవాళ్ళెవరు మామయ్యా? అచ్చేసేటప్పుడు నా కళ్ళేమయ్యాయో నాకే తెలీదు. ముప్ఫయ్యో సంచికలోనేమో "పిట్టంత మనిషి, కాళ్ళు నేలకానవు".

ఇవన్నీ అమ్మ ముందు పరిచాను. అమ్మ తేల్చేసింది. నువ్వు ఆవిణ్ణి దాస్తున్నావట. ఎవరికీ ఆనవాలు దొరక్కుండా కావాలని ఎత్తు మార్చి మార్చి రాస్తున్నావట. "యాభై రెండేళ్ళొచ్చాక తోడు దొరికితే సిగ్గుపడి చస్తున్నాడు వెధవ" అని కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రమే ఊలు కొనుక్కొచ్చింది. ఆవిడకి స్వెట్టరు అల్లుతుందట, కొలతలు పంపమంటోంది. వద్దంటే వినడం లేదు. నాకు కూడా, నిజం చెప్పాలంటే, అమ్మ మాట కొట్టిపారెయ్యబుద్ధి కావడం లేదు. ఇంకెలా అర్థం చేసుకోవాలి ఇదంతా?

ఇది చాలదన్నట్టు, బహుమతి వార్త పేపర్లో పడ్డాక "పద్నాలుగో నంబరావిణ్ణి నేనే" అంటూ ముగ్గురు ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారు. ముగ్గురూ మీ హాల్లో అదే సీట్లో ఏళ్ళ తరబడి కూర్చుంటున్నామని ఒట్టేసి చెప్తున్నారు. ఒకావిడ ఫొటో పంపింది. ఇందులో పెట్టాను. ఈవిడేనా? కాదా? చూసి చెప్పు. నాకేమీ పాలుపోవడం లేదు.

నీ మేనకోడలు

*

ఫిబ్రవరి 26

అమ్మడూ,

ఆ ఫొటో మనిషి కాదు. మిగతా ఇద్దరూ కాదు. ఎలా తెలుసని అడక్కు. తెలుసు. ముగ్గురూ నిలువునా అబద్ధాలాడుతున్నారు. లోకంలో ఇంత మోసం ఉందంటే నాలాంటివాడు కూడా ఆశ్చర్యపోవాల్సి వస్తోంది.

ఆలూ లేదు చూలూ లేదు, మా అక్క స్వెట్టరు మొదలెట్టిందా! ఆపమను. ఆపదని నాకు తెలుసు. చిన్నప్పుడు నేను ఎలక చచ్చిందని చెప్తే, ఆ లేని ఎలక కోసం మూడు రోజులు ఇల్లంతా కడిగిన మనిషి. సరే, రాసుకో: ఛాతీ నలభై, చెయ్యి ఇరవై మూడున్నర, మెడ కొంచెం వదులుగా. ఇప్పుడే టేపుతో కొలిచి రాస్తున్నాను. ఎవర్ని కొలిచావని అడక్కు.

నా బాధ నీకెవరు చెప్తారు? ఆ పేపరు వార్త పడ్డప్పట్నుంచీ ఇక్కడ హాలు తిరగబడింది. పోయిన శనివారం పేర్లు మొదలయ్యాయి. నేను అలవాటుగా తలుపు బార్లా తీశాను. ఒక్కడూ లేవలేదు. కరెంటు పోయిందా అని చూశాను, ఉంది. సినిమా అయిపోయిందండీ అన్నాను. "కూర్చోవయ్యా, పేర్లు వస్తున్నాయిగా" అన్నాడొకడు. మా ఆపరేటరు ఆరోజు తొందరపడి మధ్యలో ఆపేసి లైట్లు వెయ్యబోతే మేడమీది నుంచి అరుపులు. ఆదివారం కూడా అంతే. సోమవారం ఒకడు ఏకంగా వేలు పెట్టి పేర్లు చూపిస్తూ పక్కవాడికి చదివి వినిపిస్తున్నాడు. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని తలుపు దగ్గర నా పక్కన నిలబడి, "నీ మూలానే ఇదంతా" అంటోంది. నేనేం చేశానే? నిజంగా అడుగుతున్నాను, నేనేం చేశాను?

ఈ వారం "లేచినవాళ్ళు" ఖాళీ. ఎలా రాయను? లేవడం లేదు.

ఆ బహుమతి వెనక్కిచ్చేస్తే పోదూ?

మామయ్య

*

మార్చి 4

మామయ్యా,

ఈ ఉత్తరంలో నవ్వులాటలు లేవు. నిలబడి చదివే అలవాటుంటే కూర్చుని చదువు.

మొన్న మధ్యాహ్నం ఓ పెద్దాయన మేడ మెట్లెక్కి వచ్చాడు. సెట్లు కట్టే వడ్రంగి. ముప్ఫై ఏళ్ళ నుంచి సినిమాల్లో గోడలు కడుతున్నాడట, వెనక్కి తిప్పితే చెక్కా మేకులూ కనిపించే గోడలు. కుంటి కుర్చీలో కూర్చోబోయి, ముందే చూసుకుని, చొక్కా జేబులోంచి చెక్క బిళ్ళ తీసి దాని కింద పెట్టి సరిచేసి మరీ కూర్చున్నాడు. నాలుగేళ్ళుగా ఆ కుర్చీని మేం గోడకి ఆనించి నెట్టుకొస్తున్నాం!

ఆయనన్నాడు: "మా ఇంట్లోవాళ్ళు నా సినిమాలకి వస్తారమ్మా. హీరోయిను నవ్వగానే లేచి బండి స్టాండుకి పరిగెడతారు, రద్దీ అని. నా పేరు వచ్చేసరికి నేనొక్కణ్ణే ఉంటాను. సొంత పేరు ఒక్కడే కూర్చుని చదువుకోవడం ఎలా ఉంటుందో తెలుసా? అద్దంలో మనకి మనం దండం పెట్టుకున్నట్టుంటుంది. మీ పత్రికలో ఆవిడ గురించి చదివినప్పట్నుంచీ, ఎక్కడో ఒకావిడ నాతోపాటు చదువుతోందనుకుంటున్నాను. సభకి ఆవిడ వస్తుందిగా? పక్క కుర్చీ నాకిప్పించు. ఏమీ మాట్లాడను."

ఇప్పిస్తానన్నాను.

సంఘంవాళ్ళు "లేచినవాళ్ళు" ఫైళ్ళు కూడా అడిగారు, వేదిక మీద ప్రదర్శించడానికి. చూసింది చూసినట్టు రాసే పత్రిక అని వాళ్ళ నమ్మకం. నలభై ఒక్క నెలలుగా నేను సంపాదించుకున్నది అదొక్కటే మామయ్యా. కుర్చీలు విరిగినా ఫర్వాలేదు, అది విరక్కూడదు. ఆవిడ నిజంగా రాలేకపోతే అలాగే చెప్తాను. ఆవిడే లేకపోతే, ఇప్పుడే చెప్తే, నేనే వెళ్ళి తలవంచుకుని వద్దని చెప్పి వస్తాను. వేదిక ఎక్కాక తెలిస్తే మాత్రం ఆ పెద్దాయన మొహం నేను చూడలేను.

మోకాళ్ళొద్దు, బస్సులొద్దు. ఒక్క మాట రాయి. ఆవిడ ఉందా, లేదా?

నీ మేనకోడలు

*

మార్చి 9

ఉంది. కుర్చీ వెయ్యమను. వడ్రంగాయన పక్కనే.

స్వెట్టరు అందింది. సరిపోయింది.

మామయ్య

*

మార్చి 18

మామయ్యా,

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నువ్వక్కడే ఉన్నావని తెలుసు. అయినా రాస్తున్నాను, నేను చూసిందే నిజమో కాదో తేల్చుకోవడానికి.

నీ ఉత్తరం పట్టుకుని, ఆవిడ వస్తున్నారని వాళ్ళకి చెప్పాను. సభ మొదలై నన్ను వేదిక మీదికి పిలిచారు. ముందు వరస కేసి చూశాను. పద్నాలుగో నంబరు కుర్చీలో మా అమ్మ అల్లిన స్వెట్టరు ఉంది. మెరూన్ రంగు, జేబుల మీద పువ్వులు, బొత్తాలు ఆడవాళ్ళ వైపు. అందులో నువ్వున్నావు. మీసాలతో సహా.

సభ నడిపే ఆయన "ఏరీ ఆవిడ?" అన్నాడు. నేను మైకు పక్కకి జరిపి ఆ పువ్వుల జేబుల కేసే చూస్తున్నాను. సంతోషం పట్టలేకపోతున్నాననుకుని జనం చప్పట్లు కొట్టారు. నేనింకా అటే చూస్తుండేసరికి ఇంకా గట్టిగా కొట్టారు. ఆ హోరులోనే బహుమతి నా చేతిలో పెట్టేశారు. వెనక వరసలో అమ్మ మాత్రం లేచి నిలబడి, నీ పక్కన కూర్చున్నది ఎవరా అని మెడ చాచి వెతుకుతోంది. వడ్రంగాయన్ని చూసి కంగారుపడింది కూడా.

తర్వాత తెర మీద ఈ ఏడాది పనిచేసిన వాళ్ళందరి పేర్లూ వేశారు. ఏడు నిమిషాలు. నీకు తెలుసుగా ఏం జరిగిందో, "లేచినవాళ్ళు"కి నువ్వే రాయాలి. హాలు వెనక టీ బల్లలు పెట్టారు. వాళ్ళ పేర్లే వస్తున్నా ఒక్కొక్కరే జారుకున్నారు. వేదిక మీంచి నాకు కనిపించింది నువ్వూ ఆ పెద్దాయనా. నీ పెదాలు కదులుతున్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఒక్క పేరు వదలకుండా. ఆయన పేరు రాగానే నువ్వు పైకే చదివావు. ఆయన నీ వైపు తిరిగాడు. చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. నువ్వేదో చెప్పావు. ఇద్దరూ నవ్వారు. నేను దిగి వచ్చేసరికి నువ్వు లేవు. కుర్చీ మీద నంబరు కాగితం కూడా లేదు.

ఆయన్ని అడిగాను, మా మామయ్య ఏమన్నాడని. "ఆవిడకి మోకాళ్ళ నొప్పట, బదులొచ్చానన్నాడు" అన్నాడు. నమ్మాడో లేదో ఆయన మొహం చూస్తే నాకు తెలీలేదు. ఆ మాట చెప్పి మళ్ళీ నవ్వాడు.

ఇప్పుడు చెప్పు. ఆవిడకి బదులొచ్చావా? ఆవిడ నువ్వేనా? అమ్మ ఇప్పటికీ ఆవిడ నీతో పోట్లాడి రాలేదనే అంటోంది. నలభై రెండో సంచిక ఇరవై ఎనిమిదిన అచ్చుకెళ్ళాలి. చివరి పేజీలో సగం ఖాళీగా వదిలి కూర్చున్నాను. నిజమేదో అక్కడ పడుతుంది. దాని తర్వాత బహుమతి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కాగితం మీద, సంతకంతో పంపు.

నీ మేనకోడలు

*

మార్చి 23

ఎడిటరమ్మ గారికి,

ముందు మీ అమ్మకి చెప్పు, నేనెవరితోనూ పోట్లాడలేదు. స్వెట్టరు వెచ్చగా ఉంది. ఆపరేటరు నవ్వుతున్నాడు, నవ్వనీ.

నీ సగం పేజీకి రాసుకో.

"లేచినవాళ్ళు"లో రాసిన లెక్కలన్నీ నిజం. ఎన్నో పాటకి ఎంతమంది లేచారో ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. వాళ్ళకి తలుపు తీసింది నేను. ఆఖరి పేరు దాకా హాల్లో ఒక మనిషి ఉన్న మాట కూడా నిజం. గేటువాడు తెర చీకటయ్యేదాకా కదలకూడదు. ఆరో తరగతిలో బడి నన్ను వదిలేసింది (నేను బడిని వదల్లేదు, రాసేటప్పుడు తేడా కనిపించేలా రాయి). అచ్చులు, హల్లులు వచ్చు, ఒత్తుల దగ్గర పడిపోయేవాణ్ణి. ఆ ఒత్తులన్నీ ఆ తలుపు దగ్గరే నేర్చుకున్నాను. లైట్లవాళ్ళూ దర్జీలూ నేర్పారు. కష్టమైన పేర్లున్నవాళ్ళు ఎక్కువ నేర్పారు. నాకు చదువు చెప్పిన వాళ్ళ పేర్లు నేను గాక ఎవరు చదువుతారు?

మొదటిసారి నీకు అదే రాద్దామనుకున్నాను. కానీ నువ్వు అచ్చేస్తావు, మా యజమాని చదువుతాడు, గేటువాడివి తలుపు చూసుకోక తెర చూస్తున్నావా అని పీకుతాడు. అందుకని టిక్కెట్టు కొన్న ఓ ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఓసారి కూర్చోబెట్టాక లేపడం నావల్ల కాలేదు. ఎత్తు గుర్తుండేది కాదు, అంతే.

"ఉంది" అని రాసినప్పుడు నీతో అబద్ధమాడాలని కాదు. వడ్రంగాయన సంగతి చదివాక "లేదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటే అది "లేదు" కాకుండా పోతుందేమోననుకున్నాను. ఆయన నన్నడిగింది, "ఆవిడ మీరేగా?" అని. నేను మోకాళ్ళు అన్నాను. "ఏ మోకాలు?" అన్నాడు. అక్కడే ఇద్దరం నవ్వింది. ఆయనకి నువ్వేమీ చెప్పక్కర్లేదు.

హాల్లో ఇప్పుడు రోజూ సగంమంది ఆఖరి దాకా కూర్చుంటున్నారు. పేర్లు తప్పుగా పలుకుతున్నారు, నేను దిద్దుతున్నాను. టిక్కెట్ల కిటికీ దగ్గర రోజుకి పదిమంది చివరి వరస పద్నాలుగో నంబరు కావాలంటున్నారు. మావాడు "అయిపోయిందండీ" అంటున్నాడు. పాపం, ఇంకేం చెప్తాడు?

బహుమతి వెనక్కిమ్మంటే ఇచ్చెయ్యి. వాళ్ళు తీసుకోరనుకుంటాను. తీసుకుంటే కుర్చీ కింద పెట్టిన చెక్క బిళ్ళ మాత్రం ఇవ్వకు.

కింద నా సంతకం పడేలా ఈ ముక్క విడిగా అచ్చెయ్యి:

పద్నాలుగో నంబరావిడ లేదు. ఎప్పుడూ లేదు. నూటికి నూరు పాళ్ళూ నేను పుట్టించిన మనిషి. మా హాల్లో ఏ వరసకైనా ఉన్నవి పన్నెండు సీట్లే. నలభై ఒక్క నెలల్లో వచ్చి లెక్కపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు, చూసింది చూసినట్టు రాసే ఎడిటరమ్మతో సహా.

(సంతకం)
గేటు మనిషి